ఓపీ చీటీ వెనక లెక్క

(విజయవాడలో సీనియర్ సిటిజన్ల నెలవారీ సమావేశంలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. సభికుల మాటలు అవసరమైన మేరకే ఉంచాం.)

అధ్యక్షులు గారు నన్ను పరిచయం చేస్తూ "డాక్టర్ల ఆడిటర్" అన్నారు. కాదనను. మా ఆఫీసు గవర్నర్‌పేటలో. నాలుగు అడుగులు వేస్తే సూర్యారావుపేట. ఆ పేటలో కళ్లు మూసుకుని రాయి విసిరినా ఏదో ఒక నర్సింగ్ హోమ్ అద్దం పగులుతుందని మా నాన్నగారు అంటుండేవారు. ముప్పై నాలుగేళ్లుగా ఆ అద్దాల వెనకాల ఉండే లెక్కలు రాయడమే నా పని. కాబట్టి ఈ రోజు నేను చెప్పేదాంట్లో కొంత నా అన్నదాతల మీద ఫిర్యాదులా ఉంటుంది, కొంత వాళ్ల తరఫున వకాల్తాలా ఉంటుంది. ముందే చెప్పేస్తున్నాను.

పోయిన నెల మీటింగు అయ్యాక టీ దగ్గర మొదలైన గొడవ ఇది. మోకాలు ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన ఒకరు బిల్లు చూపించి, "వీళ్లకి మామూలు పన్ను చాలదండీ, రెండింతలు వెయ్యాలి" అన్నారు. పక్కనే ఉన్న ఇంకొకాయనకి కోపం వచ్చింది. వాళ్లమ్మాయి డాక్టరు. "మా పిల్ల రాత్రి పూట పడుకుని ఎన్నాళ్లయిందో మీకు తెలుసా?" అన్నారు. ఇద్దరూ నా వైపు తిరిగారు. టీ చల్లారింది, తీర్పు మాత్రం ఈ నెలకి వాయిదా పడింది.

నాకు ఆ రోజు తట్టిందేమిటంటే, వాళ్లిద్దరూ మాట్లాడుతున్నది ఒకే డాక్టరు గురించి కాదు. ఆ పెద్దాయన కళ్ల ముందున్నది బోర్డు మీద పేరు పక్కన నాలుగు డిగ్రీలున్న సర్జన్. ఈయన కళ్ల ముందున్నది ఇరవై ఆరేళ్ల డ్యూటీ డాక్టర్. ఇద్దరి మెడలోనూ స్టెతస్కోపే ఉంటుంది. నా బీరువాలో మాత్రం వాళ్ల ఫైళ్లు ఒకే అరలో ఉండవు.

ముందు చిన్నవాళ్ల సంగతి చూద్దాం. మా అన్నయ్య కూతురు ఎంబీబీఎస్ చేసింది. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. ఆ ఏడాదంతా కాన్పుల వార్డులో, క్యాజువాలిటీలో నిలబడితే చేతికొచ్చే స్టైపెండ్ నెలకి ముప్పై వేల లోపే. తర్వాత పీజీ సీటు కోసం ఇంట్లో కూర్చుని రెండేళ్లు చదివింది. మధ్యలో ఖర్చులకని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసింది. సాయంత్రం ఎనిమిదింటికి వెళ్తే పొద్దున ఎనిమిదింటికి రావాలి, కానీ పదింటికి గానీ వచ్చేది కాదు. నెలకి 50 వేలు. రాత్రి రెండింటికి పేషెంటు పోతే బంధువులకి ఆ మాట చెప్పాల్సింది ఈ పిల్లే. పెద్ద డాక్టరు గారు ఫోన్‌లో ఉంటారు. ఒకసారి బంధువులు టేబుల్ మీదున్న బీపీ మిషన్ తీసి ఈ పిల్ల మీదకి విసిరారు. మర్నాడు మా వదిన "మానెయ్యవే తల్లీ" అంటే, "ఈ నెల జీతం ఇంకా ఇవ్వలేదు పిన్నీ" అంది పక్కనే ఉన్న మా ఆవిడతో. ఇంజనీరింగ్ చదివిన దాని స్నేహితురాలు అప్పటికి హైదరాబాద్‌లో ఫ్లాటుకి ఈఎంఐ కడుతోంది.

రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ గంటల గురించి కేంద్ర ప్రభుత్వం 1992లోనే ఒక పద్ధతి పెట్టింది. మామూలుగా రోజుకి 12 గంటలు దాటకూడదని అందులో రాసి ఉంది. ఆ కాగితాన్ని ఏ క్యాజువాలిటీ గోడ మీదా నేను చూడలేదు.

ఇక ప్రభుత్వ ఉద్యోగం. పీహెచ్‌సీలో చేరే డాక్టరుని మన లెక్కలో సివిల్ అసిస్టెంట్ సర్జన్ అంటారు. ఆంధ్రలో మూల వేతనం 61,960తో మొదలవుతుంది. డీఏ, ఇంటద్దె కలుపుకుంటే బతకడానికి బాగానే ఉంటుంది. తప్పు పట్టను. కానీ అదే పట్టణంలో అదే వయసు స్పెషలిస్టుకి కార్పొరేట్ ఆస్పత్రి దీనికి ఎన్ని రెట్లు ఇస్తానంటుందో తెలిశాక, మన్యంలో పోస్టులు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయని కమిటీలు వెయ్యక్కర్లేదు.

ఇప్పుడు నా సొంత విద్యలోకి వస్తాను. కాస్త ఓపిక పట్టండి, లెక్క చిన్నదే.

ఇద్దరు మనుషులున్నారు. జీవితం మొత్తం మీద ఇద్దరూ సమానంగా 4 కోట్ల 80 లక్షలు సంపాదిస్తారు అనుకుందాం. ఒకాయన ఇరవై రెండేళ్లకే ఉద్యోగంలో చేరి నలభై ఏళ్లు చేశాడు. ఏడాదికి 12 లక్షలు. ఇంకొకాయన ఎంబీబీఎస్, పీజీ, సూపర్ స్పెషాలిటీ పూర్తి చేసి, తనకంటూ సంపాదన మొదలుపెట్టేసరికి ముప్పై నాలుగు దాటాయి. ఇరవై నాలుగేళ్లు పనిచేశాడు. ఏడాదికి 20 లక్షలు. 2025-26 కొత్త విధానం స్లాబులు తీసుకోండి. పన్ను పడే ఆదాయం 12 లక్షలుంటే రిబేటు పోను కట్టాల్సింది సున్నా. 20 లక్షలుంటే సెస్సుతో కలిపి 2,08,000. మొదటాయన నలభై ఏళ్లలో కట్టింది సున్నా. రెండో ఆయన ఇరవై నాలుగేళ్లలో కట్టింది సుమారు 50 లక్షలు. సంపాదన ఒక్కటే!

ఎవరి జీతమూ నలభై ఏళ్లు ఒకేలా ఉండదు, ఆ మాట నాకూ తెలుసు. కానీ విషయం అర్థమవుతుంది కదా. మన పన్ను ఏడాది చూస్తుంది, జీవితం చూడదు. ఆలస్యంగా మొదలుపెట్టి తక్కువ కాలంలో ఎక్కువ సంపాదించేవాడి దగ్గర ఎక్కువ తీసుకుంటుంది. అంటే డాక్టరు ఈ రకంగా ఇప్పటికే మనకంటే ఎక్కువ పన్ను కడుతున్నాడు. కడుతున్నట్టయితే. ఆ చివరి మాట దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంకో చిత్రం చెప్తాను. ఒక డాక్టరు గారు ప్రాణాధార వైద్య పరికరాల జాబితాలో ఉన్న మిషన్ కొంటే, దాని మీద ఏడాదికి 40 శాతం తరుగుదల రాసుకోవచ్చు. మిషన్ అరిగిపోతుందని చట్టం ఒప్పుకుంటుంది. ఆ మిషన్ ఎలా వాడాలో నేర్చుకోవడానికి ఆయన పెట్టిన పదకొండేళ్లకీ, కట్టిన ఫీజులకీ మాత్రం తరుగుదల లేదు. మనిషి అరగడు, లోహమే అరుగుతుంది.

ఫీజులు అన్నాను కదా. మీలో చాలామందికి 1992 గుర్తుండే ఉంటుంది. ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీల అనుమతుల మీద హైకోర్టు తప్పుపట్టాక ముఖ్యమంత్రి జనార్దన్ రెడ్డి గారు రాజీనామా చేశారు. మరుసటి ఏడు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం అదనంగా గుంజే సొమ్ము, కూడదంది. సీటు అమ్ముకున్నారన్న మాటకి ఒక ప్రభుత్వమే కదిలిపోయిన రాష్ట్రం మనది. 2023కి వచ్చేసరికి ఏమైంది? రాష్ట్రంలో కొత్తగా పెట్టిన ఐదు ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లోనే సీట్లకి ధరల పట్టిక వచ్చింది. జనరల్ సీటు ఏడాదికి 15 వేలు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు 12 లక్షలు, ఎన్నారై సీటు 20 లక్షలు. ఏ పార్టీని అనడం లేదండీ, ఎవరొచ్చినా కథ ఇటే నడిచింది. నేను అడిగేదొక్కటే. ఏడాదికి 12 లక్షలు కట్టి చదివిన కుర్రాడు బయటికొచ్చాక "సేవ చెయ్యి నాయనా" అంటే వింటాడా? వాళ్ల నాన్న పొలం అమ్మి కట్టాడు. ఆ పొలం వెనక్కి రావాలి. దాన్ని వెనక్కి తెచ్చేది మన ఓపీ ఫీజే.

(సభలోంచి: "మరి 15 వేల సీటు వాళ్లు కూడా అంతే ఫీజు తీసుకుంటున్నారు కదండీ!")

తీసుకుంటున్నారు. బాగా అడిగారు. మార్కెట్లో ధర ఖరీదైన సీటువాడి అవసరాన్ని బట్టి కుదురుకుంటుంది. చవక సీటువాడు ఆ ధరకి అలవాటు పడతాడు. మన డబ్బుతో చదివి మన దగ్గరే పూర్తి ధర తీసుకునేవాళ్ల మీద మీకు కోపం ఉంటే, అది న్యాయమైన కోపమే. కాకపోతే దానికి మందు పన్ను కాదు. రెండు మూడేళ్లు ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేయించుకోవడం. అది కూడా మంచి జీతం, ఉండడానికి క్వార్టర్సూ ఇచ్చి. బాండు రాయించుకుని బాత్రూమ్ లేని క్వార్టర్సులో పెడితే, పిల్లలు బాండు డబ్బు కట్టేసి వెళ్లిపోతారు.

సరే, చిన్నవాళ్ల వకాల్తా అయింది. ఇప్పుడు ఫిర్యాదు.

పెద్ద ఆస్పత్రిలో మీరు చూసే కన్సల్టెంట్లలో చాలామందికి జీతం ఉండదు. వినడానికి వింతగా ఉంటుంది. వాళ్లు ఉద్యోగులు కారు, ఆస్పత్రితో ఒప్పందం చేసుకున్న స్వతంత్ర వృత్తిదారులు. మొదటి ఏడాది రెండేళ్లు 'ఎంజీ' అంటారు, మినిమమ్ గ్యారంటీ. పేషెంట్లు వచ్చినా రాకపోయినా నెలకి ఇంత. తర్వాత షేర్. ఓపీలో ఇంత, సర్జరీలో ఇంత. ఆస్పత్రి వాళ్లకిచ్చే డబ్బుని వృత్తి ఫీజు కింద చూపించి 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోసి ఇస్తుంది. "వీళ్లు ఉద్యోగులే, జీతం కింద లెక్కేసి కోయండి" అని పన్ను శాఖ చాలాసార్లు కేసులు వేసింది. చాలాచోట్ల ఓడిపోయింది.

జీతమైతే ఏంటి, ఫీజైతే ఏంటి అంటారా? తేడా చూడండి. 44ఏడీఏ అని ఒక సెక్షన్ ఉంది. 2026 ఏప్రిల్ నుంచి అమలయ్యే కొత్త చట్టంలో నంబరు వేరు, లెక్క అదే. ఈ సెక్షన్ 2016-17లో వచ్చింది. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు లాంటి వృత్తుల్లో ఉన్నవాళ్లు, ఏడాదికి వచ్చిన ఫీజులు 50 లక్షల లోపు ఉంటే, నగదు 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా, పుస్తకాలు రాయక్కర్లేదు. వచ్చినదాంట్లో సగం ఖర్చు, సగం ఆదాయం అనుకుని పన్ను కట్టేయొచ్చు.

ఒకే ఆస్పత్రి, ఒకే వరండా. ఎడమవైపు గదిలో జీతం తీసుకునే డాక్టరు. ఏడాదికి 50 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే కట్టాల్సిన పన్ను సెస్సుతో కలిపి దాదాపు 11 లక్షలు. కుడివైపు గదిలో ఫీజు తీసుకునే డాక్టరు. ఆయనకీ 50 లక్షలే. సగం అంటే 25 లక్షలు ఆదాయం, పన్ను 3,43,200. గది ఆస్పత్రిది, ఏసీ ఆస్పత్రిది, నర్సు ఆస్పత్రి మనిషి, చివరికి పెన్ను కూడా మందుల కంపెనీ ఇచ్చిందే. ఈయన పెట్టే ఖర్చు ఏమిటయ్యా అంటే కారు, ఫోను, ఏడాదికొక కాన్ఫరెన్సు, ఒక ఇన్సూరెన్సు పాలసీ. అవి పాతిక లక్షలు అవుతాయా?

ఇది దొంగతనం కాదు. చట్టమే ఇచ్చిన దారి. సొంత క్లినిక్ పెట్టుకుని, అద్దె కట్టి, నలుగురికి జీతాలిచ్చే డాక్టరుకి ఆ సెక్షన్ నిజంగా మేలు. అతనికి సగం ఖర్చు అవుతుంది, ఒక్కోసారి ఎక్కువే అవుతుంది. కానీ ఆ గొడుగు కింద వాన పడని వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. మోకాలు పెద్దాయన "డాక్టర్లకి రెండింతలు పన్ను వెయ్యండి" అన్నారు కదా. అయ్యా, ఒకే రూపాయికి ఒకే పన్ను పడేలా చేస్తే, కుడివైపు గదిలో ఆయనకి ఇప్పటికంటే మూడింతలు పడుతుంది. కొత్త పన్నేమీ అక్కర్లేదు.

ఇక సొంత ప్రాక్టీసులో నగదు సంగతి. యూపీఐ వచ్చాక చాలా మారింది, నిజం చెప్పాలి. కానీ పాత రోజులు నేను చూశాను. డాక్టర్లు రోజూ ఒక రిజిస్టరు రాయాలని ఆదాయపు పన్ను నిబంధనల్లో ఎన్నో ఏళ్లుగా ఉంది. ఫారం 3సీ అంటారు. తేదీ, పేషెంటు పేరు, ఏం వైద్యం చేశారు, ఎంత తీసుకున్నారు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక డాక్టరు గారిని "మీ 3సీ ఏదండీ?" అని అడిగాను. ఆయన కాంపౌండరుని పిలిచి "మన త్రీసీ ఎక్కడుందయ్యా?" అన్నారు. అతను వెళ్లి మూడో నంబరు బస్సు టైమింగుల కాగితం తెచ్చిచ్చాడు. (నవ్వులు)

ఆ రోజుల్లో శాఖవాళ్లు సర్వేకి వస్తే ముందు రోజు ఒక మనిషిని పేషెంటులా పంపేవారు. అతను పొద్దుట్నుంచీ బెంచీ మీద కూర్చుని టోకెన్లు లెక్కపెట్టేవాడు. మర్నాడు ఆఫీసరు వచ్చి "రోజుకి ఎంతమందిని చూస్తారు డాక్టరు గారూ?" అంటే, "ఏదో పదిహేను ఇరవై మంది" అనేవారు. నిన్నటి టోకెను 74 అని ఆఫీసరు జేబులోంచి తీసేవాడు. ఇంకొందరికి వ్యవసాయం మీద విపరీతమైన ప్రేమ ఉండేది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా. నూజివీడు వైపు మామిడి తోటలు కొన్న డాక్టర్లని నాకు తెలుసు. మామిడి ఏడాది విడిచి ఏడాది కాస్తుందని రైతులంటారు. ఈ తోటలు మాత్రం ఏటా విరగకాసేవి.

ఎందుకలా దాచారంటే, దానికీ ఒక చరిత్ర ఉంది. 1973-74లో ఈ దేశంలో ఆదాయపు పన్ను పై అంచె సర్‌ఛార్జీతో కలిపి 97.75 శాతం. రెండు లక్షలు దాటాక సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో చేతికి మిగిలేది రెండూ పావలా. నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పేవారు, ఆ రోజుల్లో పేరున్న డాక్టర్లు కొందరు జనవరి వచ్చేసరికి ఊళ్లకి వెళ్లిపోయేవారట. లేదా రసీదు ఇవ్వడం మానేసేవారట. రేటు తర్వాత తగ్గించారు. రసీదు ఇవ్వని అలవాటు మాత్రం పోలేదు. ఎక్కువ రేటు వేస్తే ఎక్కువ డబ్బు వస్తుందనుకునేవాళ్లకి మన చరిత్రే చాలు.

ఇంగ్లండ్ చూడండి. మన తెలుగు డాక్టర్లు ఎంతమంది అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్‌లో ఉన్నారో మీకు తెలుసు. ఈ హాల్లోనే ఇద్దరు ముగ్గురి పిల్లలున్నారు. అక్కడ ఆదాయం లక్ష పౌండ్లు దాటాక, పన్ను లేని భాగాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి లాక్కుంటారు. దాంతో లక్షకీ లక్షా పాతిక వేలకీ మధ్య సంపాదించిన ప్రతి పౌండులో 60 పెన్నీలు ఆదాయపు పన్నుకే పోతాయి. సీనియర్ డాక్టర్ల జీతాలు సరిగ్గా ఆ మెట్టు దగ్గరే ఉంటాయి. దానికి తోడు, పన్ను లేకుండా ఏటా పింఛనులో జమ చేసుకునే మొత్తం మీద పరిమితి. ఎక్కువ షిఫ్టులు చేస్తే పింఛను లెక్క పెరిగి పన్ను నోటీసు వచ్చేది. జీతం పెరిగిన ఆనందం కంటే నోటీసు పెద్దది. ఏం చేశారు? అదనపు షిఫ్టులు మానుకున్నారు, కొందరు ముందే రిటైరయ్యారు. వెయిటింగ్ లిస్టు పెరుగుతుంటే చివరికి 2023 బడ్జెట్‌లో ప్రభుత్వమే దిగొచ్చి ఆ పింఛను పరిమితిని 40 వేల పౌండ్ల నుంచి 60 వేలకి పెంచింది. అదే సమయంలో కింది మెట్టు మీదున్న జూనియర్ డాక్టర్లు జీతాలు చాలవని రోడ్డెక్కారు. పైవాడికి పన్ను బాధ, కిందివాడికి జీతం బాధ. రెండూ ఒకే ఆస్పత్రిలో.

మన దగ్గర డాక్టర్లకి ప్రత్యేక పన్ను వేస్తే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. 2022 జూలై నుంచి రోజుకి 5 వేలు దాటిన ఆస్పత్రి గది అద్దె మీద 5 శాతం జీఎస్టీ వేశారు. ఆస్పత్రి తన జేబులోంచి కట్టిందా? బిల్లు కింద ఇంకో గీత గీసి మన చేత కట్టించింది. దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో 39 శాతం పైచిలుకు జనం సొంత జేబులోంచే పెడుతున్నారని 2021-22 ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. జేబులోంచి కట్టే పేషెంటు ఉన్నంతకాలం డాక్టరు మీద వేసిన పన్ను ఓపీ చీటీలోకి దిగుతుంది.

వృత్తిని చూసి వేసే పన్ను ఒకటి మన దగ్గర ఉంది, మర్చిపోయాను. వృత్తి పన్ను. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 దాటకూడదు. ఆ అంకె 1988లో పెట్టింది. మన రాష్ట్రంలో 20 వేలు దాటిన జీతం మీద నెలకి 200, అంటే వార్డుబాయ్ ఏడాదికి 2,400 కడతాడు. గుండె సర్జన్ ఎంత కడతాడు? 2,500 కంటే ఎక్కువ అడగడానికి వీల్లేదు. ఇక్కడ పెంచుతానంటే నేను అడ్డు చెప్పను. ఒక్క డాక్టర్లకే కాదు, నాలాంటి వాళ్లకీ.

ఇంతసేపూ మాట్లాడింది జీతం, ఫీజు. నాకు అసలు నిద్ర పట్టనివ్వనిది మూడోది. కట్.

మీకు తెలియనిది కాదు. ఊళ్లో ఒంట్లో బాగోకపోతే ముందు ఆర్‌ఎంపీ గారి దగ్గరికి వెళ్తారు. ఆయన చూసి, తన వల్ల కాదనుకుంటే, "ఫలానా ఆస్పత్రికి వెళ్లండి, నేను చెప్పానని చెప్పండి" అంటారు. ఆ "నేను చెప్పానని చెప్పండి" అనే మాటకి ధర ఉంది. ఆస్పత్రిలో పీఆర్ఓ అని ఒకాయన ఉంటారు. నెలకోసారి బండి మీద ఊళ్లు తిరిగి కవర్లు ఇచ్చొస్తారు. స్కానింగ్ సెంటర్ నుంచి డాక్టరుకి, ల్యాబ్ నుంచి డాక్టరుకి ఇలాగే. ఎంత శాతమో నేను చెప్పను. ముందు వరసలో కూర్చున్న డాక్టరు గారు నవ్వుతున్నారు, ఆయన్నడగండి.

అందరూ తీసుకుంటారని అనడం లేదు. ముట్టుకోని వాళ్ల ఫైళ్లు కూడా నా దగ్గరున్నాయి. ఆ ఫైళ్లు పల్చగా ఉంటాయి.

పుస్తకాల్లో ఇది "కట్" అని ఉండదు. బిజినెస్ ప్రమోషన్, మార్కెటింగ్ ఖర్చులు, ఫీల్డు ఖర్చులు అని ఉంటుంది. డాక్టరు కమీషన్ తీసుకోకూడదని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. మందుల కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకల్ని ఖర్చు కింద ఒప్పుకోబోమని పన్నుల బోర్డు 2012 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది. కంపెనీలు పదేళ్లు కొట్లాడాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బోర్డు వైపే తీర్పిచ్చింది. డాక్టరు తీసుకోవడం తప్పయినప్పుడు, ఇచ్చినవాడు దాన్ని న్యాయమైన ఖర్చని ఎలా రాసుకుంటాడు అంది. అదే ఏడు జూలై నుంచి 20 వేలు దాటిన కానుకల మీద టీడీఎస్ కూడా వచ్చింది. కాన్ఫరెన్సు పేరుతో విదేశాలకి వెళ్లొచ్చిన కొందరికి తమ పన్ను స్టేట్‌మెంటులో ఆ టికెట్ల ఖరీదు కనిపించి గుండె ఆగినంత పనయింది. పరుగున నా దగ్గరికొచ్చారు. గుండె డాక్టర్లు కూడా ఉన్నారు వాళ్లలో.

కట్ మీద పన్ను వెయ్యడం నాకు ఇష్టం లేదు. పన్ను కట్టించుకుంటే అది సక్రమం అయిపోయినట్టు అనిపిస్తుంది. అది ఆగిపోవాలి. మోకాలు పెద్దాయన బిల్లులో సర్జన్ ఫీజు ఎంతో చూశాను. మొత్తంలో అది పెద్ద ముక్క కాదు. ఇంప్లాంటు, గది, పరీక్షలు, మందులు, "ఇతరములు". మీకు కోపం తెప్పించిన డబ్బు ఆ "ఇతరములు"లో ఉందండీ. డాక్టరు జీతంలో లేదు.

ఇంకో దారి లేదా అంటే, ఉంది. మధురైలో వెంకటస్వామి గారు 1976లో ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరయ్యాక 11 మంచాలతో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టారు. అక్కడ డాక్టర్లకి జీతం. బయట ప్రాక్టీసు లేదు. ఎన్ని ఆపరేషన్లు రాస్తే అంత షేర్ అనేది లేదు. డబ్బున్నవాళ్లు కట్టింది లేనివాళ్లకి సరిపోతుంది. మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలో మంచి స్థానం వదులుకుని వచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. కళ్లు చూపించుకోవడానికి మనలో ఎంతమంది వెళ్లలేదు? అక్కడ "ఈ ఆపరేషన్ నిజంగా అవసరమేనా, షేర్ కోసం రాశారా?" అనే టెన్షన్ మీకు పట్టిందా? కంటికి కుదిరింది గుండెకి కుదరదని నాతో వాదిస్తారు. కావచ్చు. కంటి ఆపరేషన్ పావుగంట పని, గుండెది ఆరు గంటలు. అయినా ఎవరైనా ప్రయత్నించారా అని అడుగుతాను.

టైమయిందని అధ్యక్షులు గారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరసలోని డాక్టరు: "మీరు ఖర్చుల్లో ఒక ఇన్సూరెన్సు పాలసీ అని తేలిగ్గా అనేశారు. పేషెంటు పోతే మా మీద కేసు, కోర్టు, గొడవ. ఆ రిస్కుకి విలువ కట్టరా?")

కట్టాలి. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందన్నాక మీ మీద బరువు పెరిగింది. ఆ రిస్కు మీ ఫీజులో ఉండాల్సిందే. అందుకే మీ ఫీజు ఎక్కువని నేను ఎక్కడా అనలేదు డాక్టరు గారూ. రసీదు ఇమ్మన్నాను, అంతే.

(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: "వైద్యో నారాయణో హరిః అన్నారు. దేవుడికి జీతం ఏమిటండీ అసలు?")

మాస్టారూ, దేవుడికి కూడా హుండీ ఉంది. దాని లెక్క ఆడిట్ చేస్తారు. (నవ్వులు)

(వెనక వరసలోంచి ఒక యువతి: "సార్, 44ఏడీఏ అకౌంటెంట్లకి కూడా వర్తిస్తుంది కదా? మీరు ఎంత చూపిస్తారు?")

వర్తిస్తుందమ్మా. నేనూ అందులోనే వేస్తాను. వచ్చినదాంట్లో సరిగ్గా సగం.

("మీ అసలు ఖర్చు ఎంత అవుతుంది సార్?")

ఆఫీసు సొంతం. ఇద్దరు కుర్రాళ్లు, కరెంటు, సాఫ్ట్‌వేర్ బిల్లు. నాలుగో వంతు ఉంటుందేమో.